అమ్మ శిక్షణకు పోతే బిడ్డ బడి ఆగొద్దు



ఈ ముచ్చట బీడీలు చేసే తల్లుల కోసం. సాంచాల దగ్గర కండెలు చుట్టే తల్లుల కోసం. కూలికి పోయే తల్లుల కోసం. భర్త దుబాయికో, మస్కట్‌కో పోతే ఇంటి బరువంతా ఒక్కతే మోసే తల్లుల కోసం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడు ఊళ్లు ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. జగిత్యాల ఒక జిల్లా అయింది. కోరుట్ల అందులోకి వచ్చింది. సిరిసిల్ల, రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది. జిల్లాలు మారాయి. కానీ ఈ ఊళ్ల ఆడవాళ్ల చేతిలో చాట మారలేదు. చాటలో తునికాకు, తంబాకు, దారం మారలేదు.

"ఉచిత శిక్షణ" అని గోడ మీద రాసి ఉంటుంది. ఇదివరకు ఆ గోడ పక్క నుంచే పోయేవాళ్లు. అది ఏమిటో తెలిసేది కాదు. ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. ఆగి చదువుతారు. చదివాక ఒక ప్రశ్న వస్తుంది. "ఇది మాకేనా? పోతే మా ఇల్లు ఎట్ల గడుస్తది?" ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఒక ఇంటి లెక్క

కోరుట్లలో ఒక ఇల్లు ఉందనుకోండి. ఇంట్లో అత్త, కోడలు. ఇద్దరూ బీడీలు చేస్తారు. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. పోవడానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. పెద్దపిల్ల ఏడో తరగతి. చిన్నోడికి నాలుగేళ్లు.

ఒక రోజు కోడలు అన్నది:

"అత్తమ్మా, సంఘంల కుట్టు శిక్షణ ఉందని చెప్పిండ్రు. నెల రోజులట. పైసలు అడుగరట."

"మంచిదే బిడ్డా. మరి చిన్నోన్ని ఎవరు చూస్తరు? నీ బీడీలు ఎవరు చేస్తరు?"

"పెద్దపిల్ల ఉన్నది గద. ఒక్క నెల బడికి పోకుంటే ఏమైతది?"

అత్త చేతిలో బీడీ ఆగింది.

"నన్ను గూడ మా అవ్వ రెండు నెలలే అని బడి మాన్పించింది. ఆ రెండు నెలలు ఇంక అయిపోలే. నువ్వు శిక్షణకు పో. నేనొద్దన. కానీ పిల్ల బడికి పోవాలె."

ఇందులో పెద్ద మాట ఉన్నది. శిక్షణ ఉచితం అంటే ఫీజు లేదని అర్థం. ఖర్చు లేదని కాదు. తల్లి నెల రోజులు పని మానితే కూలి పోతుంది. చంటిపిల్లను చూసే మనిషి కావాలి. ఆ ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి. చాలా ఇళ్లలో ఆ ఖర్చు పెద్ద ఆడపిల్ల కడుతుంది. బడి మాని కడుతుంది. అప్పుడు ఆ శిక్షణ ఉచితం ఎట్లా అవుతుంది?

కాబట్టి ముందు లెక్క వెయ్యాలి. అత్తాకోడళ్లు ఇట్లా వేశారనుకుందాం.

బీడీలకు రోజుకు 150 రూపాయలు వస్తాయనుకోండి. నెలలో 15 రోజులు పని దొరుకుతుందనుకోండి. 150ని 15తో హెచ్చిస్తే 2,250. అంటే శిక్షణ నెలలో ఇంటికి 2,250 రూపాయలు తగ్గుతాయి.

నేర్చుకున్నాక జాకెట్టు కుడితే 100 రూపాయలు వస్తాయనుకోండి. 23 జాకెట్లు కుడితే 2,300. అంటే 23 జాకెట్లతో పోయిన కూలి తిరిగి వస్తుంది. దారం ఖర్చు, కరెంటు ఖర్చు, మిషిని ఖర్చు వేరే ఉంటాయి. అవి కూడా రాసుకోవాలి.

ఈ లెక్కలో అంకెలు అనుకున్నవే. మీ ఇంటి అంకెలు వేరే ఉంటాయి. మీ అంకెలతో మీ నోటుబుక్కులో మీరే వెయ్యండి. లెక్క కాగితం మీద పడితే భయం సగం తగ్గుతుంది.

బీడీ తల్లి బిడ్డకు హక్కుగా వచ్చే పైసలు

బిడ్డను బడిలో ఉంచడానికి ఒక సాయం ఉన్నది. చాలామందికి తెలియదు.

1976లో కేంద్ర ప్రభుత్వం బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసింది. బీడీల మీద కొంత సుంకం వేశారు. ఆ పైసలతో కార్మికులకు దవాఖానాలు, ఇండ్లకు సాయం, పిల్లలకు ఉపకార వేతనాలు ఇచ్చారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సుంకం పోయింది. ఉపకార వేతనం మాత్రం పోలేదు. దానికి కేంద్రం తన బడ్జెట్ నుంచి పైసలు ఇస్తున్నది.

ఒకటో తరగతి నుంచి పెద్ద చదువుల దాకా ఇది ఉన్నది. తరగతిని బట్టి ఏడాదికి 1,000 రూపాయల నుంచి 25,000 రూపాయల వరకు వస్తుంది. చిన్న తరగతులకు తక్కువ. ఇంజనీరింగు, డాక్టరు వంటి చదువులకు ఎక్కువ.

దీనికి ఏమేం కావాలి?

తల్లి గానీ తండ్రి గానీ బీడీ కార్మికులై ఉండాలి. కనీసం ఆరు నెలలు పని చేసి ఉండాలి. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి. ఆదాయం సర్టిఫికెట్ ఉండాలి. బ్యాంకు ఖాతా ఉండాలి. బడిలో చదువుతున్నట్టు బడి వాళ్లు ఒప్పుకోవాలి.

దరఖాస్తు కంప్యూటర్‌లో పెట్టాలి. దాని పేరు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్. బడిలో సారును, టీచరమ్మను అడగండి. లేకుంటే మీ సేవ కేంద్రంలోనో, ఇంటర్నెట్ సెంటర్‌లోనో అడగండి. ఏటా గడువు ఉంటుంది. గడువు దాటితే ఆ ఏడాది పైసలు పోయినట్టే. అందుకని బడి తెరిచినప్పుడే కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

ఒక జాగ్రత్త. మీ కార్డు మీద పేరు, ఆధార్ మీద పేరు, బ్యాంకు పుస్తకం మీద పేరు ఒక్కటిగా ఉన్నాయా? ఒక దాంట్లో ఇంటి పేరు ఉండి, ఒక దాంట్లో లేకపోతే పైసలు ఆగుతాయి. మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. ఇది మీరే చెయ్యగలిగిన పని.

వెయ్యి రూపాయలతో ఏమైతది అని అనొద్దు. పొరుగు దేశం బంగ్లాదేశ్‌లో 1994లో ఒక పని చేశారు. పల్లెల్లో హైస్కూలుకు పోయే ఆడపిల్లలకు కొద్దిగా పైసలు ఇచ్చారు. షరతులు పెట్టారు. పిల్ల బడికి సరిగ్గా రావాలి. పరీక్షలు రాయాలి. 18 ఏళ్లు నిండేదాకా పెళ్లి చెయ్యొద్దు. పైసలు కొద్దివే. కానీ అక్కడ హైస్కూళ్లలో ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగింది. కొద్ది సాయం కూడా బిడ్డను బడిలో నిలబెడుతుంది.

ఇంకొక మాట. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీల పనిని పిల్లలకు ప్రమాదమైన పనుల్లో చేర్చింది. తంబాకు దుమ్ము పసి ఊపిరికి మంచిది కాదు. చట్టం ఉన్నా, ఇంట్లో జరిగే పని బయటికి కనబడదు. చూసేది తల్లే. ఆపేది కూడా తల్లే.

శిక్షణ ఎక్కడ దొరుకుతది?

మొదట మీ పొదుపు సంఘంలో అడగండి. పల్లెలో ఉంటే గ్రామ సంఘం, మండల సమాఖ్య ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్నాల్లో ఉంటే మున్సిపాలిటీలో మెప్మా వాళ్లు ఉంటారు. పట్నం సంఘాలను చూసేది వాళ్లే.

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు అని ఉన్నాయి. వాటిని చిన్న పేరుతో ఆర్‌సెటి అంటారు. బ్యాంకులు వీటిని నడుపుతాయి. జిల్లాకొకటి ఉండాలన్నది పద్ధతి. వీటికి మూలం కర్ణాటకలో ఉన్నది. అక్కడ ధర్మస్థల దగ్గర ఉజిరె అనే ఊరు ఉన్నది. 1982లో ధర్మస్థల వీరేంద్ర హెగ్గడే గారు, రెండు బ్యాంకులు కలిసి అక్కడ ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. అది బాగా నడిచింది. తర్వాత కేంద్ర ప్రభుత్వం దేశమంతా అట్లాంటివి పెట్టించింది.

ఆర్‌సెటిలో ఫీజు లేదు. తిండి, ఉండే చోటు కూడా ఉచితం. 18 ఏళ్లు నిండిన వాళ్లను తీసుకుంటారు. కుట్టుపని, మగ్గం వర్క్, బ్యూటీ పార్లర్, పాడి పశువుల పెంపకం, పచ్చళ్లు, అప్పడాల తయారీ వంటివి నేర్పుతారు. కొన్ని శిక్షణలు పది రోజులు. కొన్ని నెల రోజులు. ఇంకొన్ని అంతకన్నా ఎక్కువ. అయిపోయాక సర్టిఫికెట్ ఇస్తారు. బ్యాంకు అప్పు దొరకడానికి సాయం చేస్తారు. తర్వాత రెండేళ్ల దాకా ఎట్లా ఉన్నారో కనుక్కోవాలన్నది కూడా వాళ్ల పనే. కాబట్టి సర్టిఫికెట్ తీసుకుని ఊరుకోవద్దు. మళ్లీ పోయి అడగండి.

ఉద్యోగం కావాలంటే వేరే దారి. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే పథకం 2014లో మొదలైంది. ఇది పల్లెల్లో పేదింటి వాళ్లకు. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు నేర్పుతారు. ఆడవాళ్లకు 45 ఏళ్ల దాకా అవకాశం ఉన్నది. నేర్పిన వాళ్లే పని కూడా చూపించాలి. తల్లికి వయసు దాటినా ఇంట్లో పెద్ద బిడ్డకు ఇది పనికి వస్తుంది.

అక్షరాలు ఇప్పుడే నేర్చిన వాళ్ల కోసం జన శిక్షణ సంస్థాన్‌లు ఉన్నాయి. 1967లో బొంబాయి మిల్లు కార్మికుల కోసం మొదటిది పెట్టారు. అప్పుడు దాని పేరు శ్రామిక విద్యాపీఠం. 2000లో పేరు మారింది. వీటిలో చదువురాని వాళ్లు, కొత్తగా చదువు నేర్చిన వాళ్లు, ఎనిమిదో తరగతి లోపు చదివిన వాళ్లు చేరవచ్చు. "నాకు చదువు తక్కువ, నన్ను చేర్చుకోరు" అని వెనుకకు జరగొద్దు.

పథకాల పేర్లు మారుతుంటాయి. కానీ అడిగే చోట్లు అవే. సంఘం, మున్సిపాలిటీ, మండలాఫీసు, బ్యాంకు. అడగందే అమ్మయినా పెట్టదు అంటారు. సర్కారు అసలే పెట్టదు.

సిరిసిల్ల నేర్పిన పాఠం

ఏ పని నేర్చుకోవాలి? ఇది ఆలోచించవలసిన మాట.

సిరిసిల్లను చూడండి. అక్కడ వీధి వీధికీ సాంచాల చప్పుడు. మగవాళ్లు సాంచాలు నడుపుతారు. ఆడవాళ్లు కండెలు చుడతారు, బీడీలు చేస్తారు. గిరాకీ ఉన్నప్పుడు రెండు పూటలా పని. గిరాకీ పోతే సాంచా ఆగుతుంది. 2000 తర్వాత కొన్నేళ్లు సిరిసిల్ల నేతన్నలు అప్పులతో ప్రాణాలు తీసుకున్నారు. ఆ బాధ ఆ ఊరు మరిచిపోలేదు. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. చేతినిండా పని దొరికింది. ఆ ఆర్డరు ఆగినప్పుడు మళ్లీ గుబులు పట్టుకున్నది. ఆ తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు ఇచ్చారు.

ఇందులో పాఠం ఏమిటి? ఇల్లంతా ఒకే పని మీద, ఒకే ఆర్డరు మీద బతికితే, అది ఆగిన రోజు పొయ్యి ఆగుతుంది. ఇంట్లో ఒకరి చేతిలోనైనా వేరే పని ఉండాలి. బీడీ తల్లి వేరే పని నేర్చుకోవడం అందుకే. బీడీల పని కూడా రోజూ దొరకడం లేదు కదా!

సిరిసిల్ల దగ్గర పెద్దూరులో అపారెల్ పార్కు వచ్చింది. అక్కడ కార్ఖానాలో బట్టలు కుడతారు. కుట్టేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. కానీ కార్ఖానా మిషిని వేరు, ఇంటి మిషిని వేరు. కార్ఖానాది కరెంటు మిషిని. వేగం ఎక్కువ. కాబట్టి శిక్షణలో చేరే ముందే అడగాలి. "ఏ మిషిని మీద నేర్పుతరు? ఇంట్ల కుట్టుకోవడానికా, కార్ఖానాకా?"

ఊళ్లో ఇప్పటికే పది మంది జాకెట్లు కుడుతుంటే పదకొండో మనిషికి గిరాకీ దొరకదు. అప్పుడు వేరే పని చూడాలి. నలుగురు ఏం కొంటున్నారో చూసి పని నేర్చుకోవాలి.

తల్లి కూడా చదువుకోవచ్చు

కొన్ని పనులకు పదో తరగతి పాస్ కావాలంటారు. అప్పుడు ఏం చెయ్యాలి?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ వినండి. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆమె ఆ పెళ్లిని ఒప్పుకోలేదు. స్వాతంత్య్రం కోసం జైలుకు పోయింది. తర్వాత పట్టుబట్టి చదివింది. వకీలు అయింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. వయసు మీరిన ఆడవాళ్లను చేర్చుకొని మెట్రిక్ పరీక్షకు చదివించింది.

స్వాతంత్య్రం వచ్చాక 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె మొదటి అధ్యక్షురాలు అయింది. ఆ బోర్డు 1958లో ఒక పథకం మొదలు పెట్టింది. బడి మానిన ఆడవాళ్లకు ఏళ్ల చదువును తక్కువ కాలంలో చెప్పడం ఆ పథకం. అట్లా చదివిన వాళ్లు నర్సులు, టీచర్లు కావచ్చన్నది ఆమె ఆలోచన. చదువు, పని రెండూ కలిపి ఇస్తేనే ఆడమనిషి నిలబడుతుందని ఆమె నమ్మింది.

ఇప్పుడు అట్లాంటి దారి ఓపెన్ స్కూల్. మనకు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నది. 14 ఏళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయవచ్చు. పై వయసుకు హద్దు లేదు. నలభై ఏళ్ల తల్లి కూడా రాయవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాస్ కానక్కర లేదు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర లేదు. దీనికి ఫీజు ఉంటుంది. ఆడవాళ్లకు రాయితీ ఉంటుంది. దగ్గరి హైస్కూలులో అడిగితే సెంటర్ ఎక్కడున్నదో చెబుతారు.

ఇప్పుడు నేర్చిన అక్షరాలతో రేపే పది రాయలేరు. తొందర లేదు. ఈ పుస్తకం అయ్యాక ఇంకో పుస్తకం. ఆ తర్వాత పేపరు. ఏడో తరగతి బిడ్డ పక్కన కూర్చొని ఆమె పాఠం చదవండి. ఆమె మీకు చెబుతుంది. మీరు పక్కన ఉంటే ఆమె కూడా చదువుతుంది.

చిన్నోన్ని ఎవరు చూస్తరు?

కోరుట్ల అత్తాకోడళ్ల దగ్గరికి పోదాం. చిన్నోడికి నాలుగేళ్లు. అంగన్‌వాడీ ఉన్నది. 1975 అక్టోబరు 2న దేశంలో అంగన్‌వాడీల పథకం మొదలైంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు అక్కడ ఆడుకుంటారు, పాటలు నేర్చుకుంటారు, అన్నం తింటారు.

అంగన్‌వాడీ సాయంత్రం దాకా ఉండదు. మిగిలిన పొద్దు సంగతి ఏమిటి? అత్త చూస్తానన్నది. అత్త లేని ఇల్లు అయితే? అప్పుడు సంఘం పనికి రావాలి. సంఘంలో పది మంది ఉంటారు. ఈ నెల ఇద్దరు శిక్షణకు పోతారు. మిగిలిన వాళ్లు వంతుల వారీగా పిల్లలను చూస్తారు. వచ్చే నెల వేరే ఇద్దరు పోతారు. ఇది అప్పు ఇచ్చిపుచ్చుకోవడం వంటిదే. పైసలకు బదులు పొద్దు ఇచ్చిపుచ్చుకుంటారు.

బీడీ కార్డు సంగతి కూడా మరవొద్దు. నెల రోజులు పని ఆపేటప్పుడు టేకేదారుకు ముందే చెప్పండి. కార్డు తీసెయ్యకుండా మాట తీసుకోండి. కార్డు ఉంటేనే బిడ్డకు ఉపకార వేతనం.

సంతకానికి ముందు

వేలిముద్ర వేసే రోజుల్లో కాగితంలో ఏమున్నదో తెలిసేది కాదు. ఇప్పుడు మీరు చదవగలరు. చదివాకే సంతకం పెట్టండి. చదవడానికి పొద్దు పడుతుంది. పడనివ్వండి. తొందర పెట్టే మనిషిని కాసేపు ఆగమనండి.

చేరే ముందు ఈ ఆరు మాటలు అడగండి.

1. ఎన్ని రోజులు? రోజుకు ఎన్ని గంటలు?

2. ఫీజు ఏమైనా ఉన్నదా? ఉచితం అని పైసలు అడిగితే రసీదు ఇస్తారా?

3. తిండి, బస్సు కిరాయి ఎవరిది?

4. చంటిపిల్లతో రావచ్చా?

5. సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు? అది బ్యాంకులో చెల్లుతుందా?

6. అయిపోయాక పని చూపిస్తారా? అప్పు ఇప్పిస్తారా?

ఏడో మాట ఒకటి ఉన్నది. అది బయటివాళ్లను అడిగేది కాదు. మీ ఇంట్లో మీరే అడగాలి. "నేను పోయిన రోజుల్లో నా బిడ్డ బడికి పోతదా?"

పోతది అని జవాబు వస్తే సంతోషంగా చేరండి. పోదు అని వస్తే శిక్షణ మానుకోవద్దు. ముందు దారి వెతకండి. అత్తతో, భర్తతో, సంఘంతో మాట్లాడండి. ఈ నెల కుదరకపోతే వచ్చే జట్టులో చేరండి. శిక్షణ మళ్లీ వస్తుంది. బిడ్డకు ఏడో తరగతి వయసు మళ్లీ రాదు.

మాట్లాడుకోండి

1. మీ వాడలో బడి మానిన ఆడపిల్లలు ఎంత మంది? ఎందుకు మానారు?

2. మీ సంఘంలో బీడీ కార్డు ఎంత మందికి ఉన్నది? వాళ్ల పిల్లల్లో ఉపకార వేతనం ఎంత మందికి వస్తున్నది?

3. మీ ఊరిలో ఏ పనికి గిరాకీ ఉన్నది? ఏ పనికి లేదు?

4. శిక్షణకు పోయే తల్లి పిల్లలను మీ సంఘం ఎట్లా చూడగలదు? వంతులు రాయండి.

5. మీ ఆధార్, బ్యాంకు పుస్తకం, బీడీ కార్డు తెచ్చుకోండి. మూడింటిలో మీ పేరు చదవండి. ఒక్కటిగా ఉన్నదా?